ఊపిరికో చింతపిక్క

మా ఇంట్లో ఆడపిల్లలు సన్నాయి ముట్టుకోకూడదు. ఊపిరి మాత్రం లెక్కపెట్టొచ్చు.

మా నాన్న గోదావరి జిల్లాల్లో పేరున్న సన్నాయి విద్వాంసుడు. తెల్లవారుజామున సాధకానికి కూర్చుంటే ఎదురుగా చాప మీద నన్ను కూర్చోబెట్టి, గుప్పెడు చింతపిక్కలు చేతిలో పోసేవాడు. ఆయన గాలి పీల్చినప్పుడల్లా ఒక పిక్క పక్కన పెట్టాలి. కీర్తన అయ్యాక "ఎన్నమ్మా?" అనేవాడు. నిన్న ఇరవై ఆరు, ఇవాళ ఇరవై నాలుగు అంటే మీసాల్లో నవ్వుకునేవాడు. ఎక్కువైతే ఆ పూట ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. "పాట విని లెక్కెట్టకే, నా డొక్క చూసి లెక్కెట్టు. చెవి మోసపోద్ది, డొక్క అబద్ధమాడదు" అనేవాడు. అన్నయ్యలిద్దరికీ సన్నాయి నేర్పాడు. నాకు నేర్పింది ఈ ఒక్క లెక్కే. అదెందుకూ కొరగాని విద్య అని ముప్పై అయిదేళ్ళు వచ్చేదాకా అనుకున్నాను.

రెండువేల సంవత్సరం వచ్చేస్తోంది, కంప్యూటర్లన్నీ తికమకపడి చస్తాయని లోకమంతా బెంబేలెత్తిన రోజుల్లో మా ఆయనకి సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది. రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడమే పని. యీషున్‌లో పదో అంతస్తులో ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాం. దిగిన వారానికే ఆయన నాకో నియమం పెట్టాడు. "ఇక్కడ మనవాళ్ళు మొదటి పలకరింపులోనే మీ నాన్నగారేం చేసేవారండీ అనడుగుతారు. మ్యూజిక్ టీచరని చెప్పు."

చెప్పిందెవరు? మా నాన్న పక్కన ముప్పై ఏళ్ళు డోలు వాయించిన మా మామగారి కొడుకు! నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి మీ నాన్నగార్ని ఏవని చెప్తారో? డ్రమ్స్ ప్రొఫెసరనా?" అన్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ, రెండ్రోజులు ముఖం మాడ్చుకు తిరిగాడు. అయితే నిజం చెప్పొద్దూ, మొదటి పార్టీలో ఒకావిడ అడగ్గానే నేనూ మ్యూజిక్ టీచరనే చెప్పి, పకోడీ నోట్లో వేసుకున్నాను.

మా పక్క ఫ్లాట్‌లో ఒక ఆఫ్రికా ఆయన ఒంటరిగా ఉండేవాడు. లిఫ్టులో మొదటిసారి ఎదురుపడినప్పుడు భయంతో గోడకి అంటుకుపోయాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట. యాభై అయిదు దాటిన వయసు, నెరిసిన గడ్డం, మడత నలగని చొక్కా. నా చేతిలో బియ్యం సంచి చూసి, అడక్కుండానే అందుకుని మా గుమ్మం ముందు పెట్టి, "గుడ్ డే, సిస్టర్" అని వెళ్ళిపోయాడు. "థాంక్యూ అంకుల్" అన్నాను. అప్పట్నించీ అవే పిలుపులు. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. నాది వచ్చీరాని ఇంగ్లీషు, ఆయనది రాగం తీస్తున్నట్టుండే ఇంగ్లీషు. ఇక్కడ నా భాషలోనే రాసుకుంటున్నాను.

కారిడార్‌లో బట్టలారేసుకుంటూ ఆయన కథ ముక్కలుముక్కలుగా విన్నాను. వాళ్ళది ఘనా దేశం, సముద్రపొడ్డున చేపలు పట్టే ఇల్లు. మిషనరీ బడి బ్యాండులో పిల్లనగ్రోవితో మొదలు. పెద్దయ్యాక పోలీసు బ్యాండులో శాక్సఫోన్ చేతికిచ్చారు. మూడేళ్ళు కవాతు పాటలు వాయించి, విసుగెత్తి, యూనిఫాం వాళ్ళ మొహాన పడేసి డాన్సు బ్యాండులో చేరాడు. వాళ్ళ ఊరి పాటల్ని జాజ్‌లో కలిపి వాయిస్తే జనం విరగబడి వచ్చేవారట. ఆ బ్యాండులో పాడే అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరి పేరుతోనూ రికార్డులొచ్చాయి.

"జాజ్ అంటే ఏవిటంకుల్?" అని అడిగాను.

"కాగితం మీదున్నది ఒకసారి వాయించి, ఆ తర్వాత కాగితం పక్కన పెట్టి నీ సొంతం వాయించడం."

మా నాన్న కీర్తన అయ్యాక చేసేదీ అదే కదా అనబోయి నాలిక్కరుచుకున్నాను. మా నాన్న మ్యూజిక్ టీచరు కదా మరి.

తర్వాత వాళ్ళ దేశంలో రాత్రి కర్ఫ్యూ పెట్టారు. రాత్రి లేకపోతే డాన్సు బ్యాండెక్కడిది? అన్నీ మూతపడ్డాయి. పొట్ట చేతపట్టుకుని పొరుగు దేశం వెళ్తే, కొన్నాళ్ళకి అక్కణ్ణించి బయటివాళ్ళందర్నీ పొమ్మన్నారు. ఓడలెక్కి షికారు ప్రయాణికులకి వాయిస్తూ వాయిస్తూ సింగపూర్‌లో దిగాడు. ఏడేళ్ళుగా ఒక పెద్ద హోటల్ బ్యాండులో ఉన్నాడు. భార్య, ఇద్దరు కూతుళ్ళు ఊళ్ళోనే. పిల్లలిద్దరూ కాలేజీ. ఏటేటా హోటల్ కాంట్రాక్టు పొడిగిస్తేనే అక్కడ ఉండనిచ్చే ఆయన పాసు పొడిగిస్తారు. "నేను ఊదుతున్నంతకాలం వాళ్ళు చదువుతారు" అనేవాడు.

ఇంత చరిత్ర ఉన్న మనిషి, రోజూ మధ్యాహ్నం రెండింటికి సాధకం మొదలెడితే మాకు చెవులు మూసుకోవాలనిపించేది. పంక్చరైన సైకిల్ ట్యూబులా గాలి బుస్సుమని పక్కకి పోయేది. పైస్థాయికి వెళ్ళబోయి కీచుమని జారిపడేది. మా అమ్మాయి స్కూల్నించి వచ్చి బ్యాగ్ విసిరేసి, సింగపూర్ యాస పట్టేసిన ఇంగ్లీషులో "మమ్మీ, అంకుల్ ప్లే సో టెరిబుల్ లా!" అనేది.

"తప్పమ్మా, ఆయన పెద్ద హోటల్లో వాయిస్తారు."

"దెన్ ద హోటల్ డెఫ్, ఈజ్ ఇట్?"

దాన్ని కసిరాను గానీ, నాకూ అదే అనుమానం. ఇంకో వింత ఏమిటంటే, ఆదివారం సాయంత్రం నాలుగింటికి మాత్రం అదే గోడ అవతల్నించి ఒక్క పాట వచ్చేది. అయిదే అయిదు నిమిషాలు. అబ్బ, ఏం వాయించేవాడు! గుక్క తిప్పుకోకుండా కిందనించి పైకి, పైనించి కిందకి, ఎక్కడా బెరుకు లేదు. వంటగది గోడకి చెవి ఆనించి నిలబడిపోయేదాన్ని. వారమంతా పంక్చరు, ఆదివారం నాలుక్కి దేవలోకం. ఇదెక్కడి విడ్డూరమో అంతుపట్టేది కాదు.

రెండువేల సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ చావలేదు. మా ఆయన ఇంటర్నెట్‌లో కూరగాయలమ్మే కొత్త కంపెనీలోకి మారాడు. అప్పటికి ఒక్క వంకాయా అమ్మలేదు గానీ, ఆ కంపెనీ ప్రారంభోత్సవానికి రెండొందలమందికి హోటల్లో విందు. కుటుంబాలతో రమ్మన్నారు. తీరా వెళ్తే అది మా అంకుల్ హోటలే! వేదిక మీద తెల్ల కోటులో ఆయన, పక్కన కీబోర్డు ముందు ఒకతను. ఆయన్ని చూడగానే నాకు మా ఇంటి మనిషి కనపడ్డంత సంబరమైంది. శాక్సఫోన్ పెదాలకి పెట్టుకున్నాడు. పాట మొదలైంది. ఆదివారం నాలుగ్గంటల పాట! అదే ధార, అదే తేనె.

టేబుల్ మీద గిన్నెలో వేయించిన వేరుశెనగలున్నాయి. పాత అలవాటు, చెయ్యి ఊరుకోలేదు. ఆయన డొక్క మీద చూపు నిలిపి, గాలి పీల్చినప్పుడల్లా ఒక గింజ ప్లేటు అంచున పెడుతున్నాను. మూడో గింజ దగ్గర ఆగిపోయాను. మైకులో హుఫ్‌మని గాలి పీల్చిన చప్పుడు స్పష్టంగా వినపడింది. ఆయన డొక్క కదల్లేదు. భుజం లేవలేదు. మళ్ళీ ఒక సుదీర్ఘమైన సంగతి నడుస్తోంది, సరిగ్గా దాని మధ్యలో ఆయన తాపీగా ఊపిరి పీల్చుకున్నాడు. పాట మాత్రం తెగలేదు.

తప్పు నాదేమో అని మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టాను. పాట తీసుకున్న ఊపిర్లు వేరు, మనిషి తీసుకున్నవి వేరు. ఆయన వాయించడం లేదు! వేళ్ళు కదుపుతున్నాడు, బుగ్గలు కదుపుతున్నాడు, అంతే. పాట ఆ కీబోర్డు అతని పక్కనున్న డిస్కు పెట్టెలోంచి వస్తోంది. రెండొందలమంది చప్పట్లు కొట్టారు. ఆయన వంగి దణ్ణం పెట్టాడు.

"ఏవండీ, ఆయన వాయించట్లేదండీ!" అని మా ఆయన మోచెయ్యి పొడిచాను.

"ఊరుకోవే, బాస్ చూస్తున్నాడు. బిర్యానీ తిను" అన్నాడు. డోలు వాయించిన ఇంట్లో పుట్టిన మనిషికి అది పట్టనే లేదు.

మర్నాడు పులిహోర గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు కొట్టాను. రాత్రంతా నిద్ర లేదేమో, నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. "అంకుల్, నిన్న మీరు వాయించలేదు" అన్నాను.

ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. నల్లటి ముఖంలో రంగేం తెలుస్తుందని అనుకునేదాన్ని అంతవరకు. బూడిద రంగైపోయింది. కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత నోట్లో వేలు పెట్టి, పైవరస ముందు పళ్ళు రెండూ ఊడబెరికి అరచేతిలో పెట్టుకున్నాడు. కట్టుడు పళ్ళు!

రెండేళ్ళ కిందట చిగుళ్ళు పాడై ముందు పళ్ళు రెండూ పోయాయట. శాక్సఫోన్ నోట్లో పెట్టుకునే నల్లటి ముక్కని పైపళ్ళతో అదిమి పట్టాలి. కట్టుడు పళ్ళతో అదిమితే జారిపోతాయి, గాలి పోతుంది. కీబోర్డు అతని దగ్గర మంచి రోజుల్లో రికార్డు చేసుకున్న డిస్కులున్నాయి. ఒక వారం గడిపేద్దాం అనుకున్నారు. ఎవరూ కనిపెట్టలేదు. వారం కాస్తా రెండేళ్ళయింది.

"నా పాటకి నేనే వేషం కడుతున్నాను, సిస్టర్."

"మరి ఆదివారం నాలుగింటికి వాయించేది?"

ఆయన తల దించుకున్నాడు. అక్కడ ఉదయం ఎనిమిదవుతుంది. భార్య పొరుగింటి ఫోను దగ్గరికొచ్చి కూర్చుంటుంది. ప్రతి ఆదివారం "ఏదీ, వాయించు" అంటుంది. ఆవిడకీ డిస్కే! ఫోను ముందు పెట్టి మీట నొక్కుతాడు.

పుండు మీద కారం చల్లిన పాపం నాదేనని ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలీదు.

"ఇన్నేళ్ళలో ఎవరికీ తెలీలేదు. నీకెలా తెలిసింది?" అన్నాడు.

ఇక దాచి లాభం లేదు. సింగపూర్ వచ్చాక మొదటిసారి నోరు విప్పి చెప్పాను. మా నాన్న సన్నాయి వాయించేవాడని, మాది మేళం కుటుంబమని, చింతపిక్కలని, అన్నీ. చెప్తూ చెప్తూ ఒక సంగతి గుర్తొచ్చి నేనే ఉలిక్కిపడ్డాను. "అంకుల్, అరవై దాటేసరికి మా నాన్నకి ముందు పళ్ళే లేవు! పదేళ్ళు అలాగే పెళ్ళిళ్ళు వాయించాడు. సన్నాయికి పళ్ళతో పనేవిటి? పై పెదవీ కింది పెదవీ రెండూ లోపలికి మడిచి, సన్నాయి కొసన ఊదే పీకని పట్టుకుంటారు."

"పళ్ళు లేకుండానా!" అని కుర్చీలోంచి లేచిపోయాడు. లోపలికి వెళ్ళి ఆ నల్లటి ముక్క తెచ్చి నా చేతికిచ్చాడు. "చూపించు."

ముప్పై ఏళ్ళు ఆయన నోట్లో నానింది. పైన రెండు పళ్ళ గుంటలు అరిగి నున్నగా ఉన్నాయి. మేళంలో ఒకరి పీక ఇంకొకరు ముట్టరు. ఆడది ఏ పీకా ముట్టదు. పైగా పరాయి మగాడి ఎంగిలి! అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ గొంతు వినపడింది. వంటగదిలోకి వెళ్ళి సబ్బుతో ఒకసారి, ఉప్పు నీళ్ళతో రెండుసార్లు కడిగాను. కళ్ళు మూసుకుని, పెదాలు రెండూ మడిచి, నాన్న పట్టుకున్నట్టు పట్టుకున్నాను. ఊదలేదు. పట్టు మాత్రమే చూపించాను.

ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, వంగి, కొత్త విద్యార్థిలా నా పెదాల వంకే చూశాడు. అప్పటికి కాంట్రాక్టు గడువు నాలుగు నెలలుంది.

"గడువులోగా నా సొంత ఊపిరితో ఒక్క పాట వాయిస్తే చాలు, సిస్టర్. ఈ వేషం ఇంక కట్టలేను" అన్నాడు.

ఆ నాలుగు నెలలూ మధ్యాహ్నం రెండింటికి నేను చింతపిక్కలు పట్టుకుని ఆయన గుమ్మంలో కూర్చునేదాన్ని. లోపల కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారోనని తలుపు బార్లా తీసి ఉంచేవాళ్ళం. మొదటి నెల పెదాలు చిట్లి నెత్తురొచ్చింది. మా నాన్న వెన్న రాసుకునేవాడు, నేనూ వెన్న ఇచ్చాను. రెండో నెలలో మంద్రస్థాయి కుదిరింది. మూడో నెలలో ఒక శనివారం పైస్థాయి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గాలి పోకుండా నిలబడింది. ఆయన "హే!" అని అరిచాడు. మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర దరువు వినపడి వెళ్ళి చూస్తే, మా ఆయన కంప్యూటర్ మూసేసి రెండు చేతుల వేళ్ళతో బల్ల మీద డోలు వాయిస్తున్నాడు. నన్ను చూసి "దోమ" అన్నాడు. ఆరు చేతుల దోమ కాబోలు అన్నాను.

గడువుకి మూడు వారాల ముందు, ఆదివారం మధ్యాహ్నం విందులో డిస్కు లేకుండా వాయిస్తానన్నాడు అంకుల్. మా ఆయనా నేనూ వెళ్ళాం. పిక్కలు పర్సులో తీసుకెళ్ళాను. కీబోర్డు అతనికి ఆయన తల ఊపాడు. అతను భయం భయంగా డిస్కు బయటికి తీశాడు.

డొక్క కదిలింది. పిక్క పెట్టాను. పాట మొదలైంది. ఆ పాత ధార కాదది. మోటుగా, కొంచెం బొంగురుగా, తడబడుతూ. మధ్యలో రెండుసార్లు తెగింది. పైస్థాయిలో ఒకసారి ఒణికింది, కానీ నిలబడింది. ఊపిరికీ పాటకీ ఒక్కచోట కూడా తేడా రాలేదు. ముప్పై ఒక్క పిక్కలు. మా నాన్నయితే ముఖం చిట్లించేవాడు. నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఆయన ఈసారి ఊరుకోమనలేదు.

ఏడుస్తూనే చుట్టూ చూశాను. జనం తింటున్నారు. ఒక్కరూ తలెత్తలేదు. రెండేళ్ళు డిస్కు పెట్టినప్పుడూ ఇలాగే తిన్నారు, ఇవాళా ఇలాగే తింటున్నారు. పాట అయ్యాక అవే చప్పట్లు.

సోమవారం పొద్దున అట్లు పోస్తుంటే అంకుల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తేడా తెలిసిన మనిషి ఒకడున్నాడట, హోటల్ మేనేజరు. "నిన్న శాక్సఫోన్ బాలేదు. తప్పులున్నాయి. ఎప్పుడూ వాయించేలాగే వాయించు, కాంట్రాక్టు ఇస్తాను" అన్నాడట. డిస్కు సంగతి అతనికి మొదట్నించీ తెలుసట!

"మీరేమన్నారు?"

"వాయించనన్నాను. వచ్చే నెల వెళ్ళిపోతున్నాను."

ఈ పని చేసిందెవరు? నేను! నా పులిహోర, నా పిక్కలు, నా నోటిదురుసు! "వద్దంకుల్! పిల్లల చదువు! మీకు దణ్ణం పెడతాను, ఆ డిస్కే పెట్టుకోండి, నిలబడండి చాలు. ఎవరికీ తెలీదు. నేనెవరికీ చెప్పను" అని బతిమాలాను. ఆ మాటలంటున్నది నేనేనా అని నాకే ఆశ్చర్యం.

ఆయన నవ్వాడు. ముందు పళ్ళు పెట్టుకోలేదు.

"నిన్న నాలుగింటికి మా ఆవిడకి డిస్కు పెట్టలేదు, సిస్టర్. నేనే వాయించాను. నాలుగు చోట్ల తెగింది. అయ్యాక అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను పోయిందనుకున్నాను."

"ఏమన్నారావిడ?"

"'నువ్వేనా?' అంది. 'రెండేళ్ళుగా ఎవరో ఫోన్ చేస్తున్నారు, ప్రతి ఆదివారం ఒకేచోట ఊపిరి తీసుకునేవాళ్ళు. బతికున్న మనిషెవడూ అలా తీసుకోడు. నువ్వే చెప్తావని చూస్తున్నాను. ఇంక ఇంటికొచ్చెయ్యి. పిల్లల సంగతి ఇద్దరం చూసుకుందాం' అంది."

వెనక పెనం మీద అట్టు మాడి పొగొస్తోంది. నేను కదల్లేదు. సముద్రాలవతల, పొరుగింటి ఫోనులో విని ఆవిడ కనిపెట్టింది. మా నాన్న కూతుర్ని, ఏడాదిన్నరపాటు ప్రతి ఆదివారం అదే గోడకి చెవి ఆనించి అబ్బా అబ్బా అని విన్నాను. ఒక్క ఆదివారం కూడా పిక్క పెట్టలేదు.